గోడ లోపలి కర్ర

డాలస్ శివార్లలోనో, న్యూజెర్సీలోనో మనవాళ్లు కొనుక్కున్న కొత్త ఇంట్లో గోడ మీద వేలితో తడితే డొల్ల చప్పుడు వస్తుంది. ఇటుక గోడలకు అలవాటుపడి ఇక్కడి నుంచి వెళ్లిన అమ్మానాన్నలకు ఆ చప్పుడు వినగానే గుండె కలుక్కుమంటుంది. ఇంత డబ్బు పోసి అట్టగోడల ఇల్లు కొన్నారేమిటని అడుగుతారు. వారి అనుమానం సహజమే. వేలికి తగిలేది అర అంగుళం జిప్సం బోర్డు మాత్రమే. కానీ బరువు మోసేది అది కాదు. దాని వెనక సాధారణంగా 16 అంగుళాలకు ఒకటి చొప్పున నిలువు కర్రలు నిలబడి ఉంటాయి. పై అంతస్తు, పైకప్పు, దాని మీద పడే గాలి, మంచు అన్నీ వాటి మీదుగానే పునాదికి దిగుతాయి. అమెరికాలో ఏటా కట్టే విడి ఇళ్లలో పదింట తొమ్మిదికి పైగా ఇలాంటి కర్ర చట్రం మీద నిలిచేవే.

ఇల్లు పూర్తయ్యాక కంటికి కనబడకుండా పోయే ఈ కర్రపనిని అక్కడి కాంట్రాక్టులు రఫ్ కార్పెంట్రీ అంటాయి. తలుపులు, మెట్ల పిడికొయ్యలు, అల్మరాల వంటి కనిపించే పని ఫినిష్ కార్పెంట్రీ. అపార్టుమెంట్లు, బడులు, ఆస్పత్రుల వంటి పెద్ద కట్టడాలకు యజమానికీ కాంట్రాక్టరుకూ మధ్య ఒప్పందంలో భాగంగా లావుపాటి స్పెసిఫికేషన్ పుస్తకం ఒకటి ఉంటుంది. 1948లో పుట్టిన కన్‌స్ట్రక్షన్ స్పెసిఫికేషన్స్ ఇన్‌స్టిట్యూట్ ఈ పుస్తకాల్లో ఏ పని ఏ సంఖ్య కింద రావాలో స్థిరపరిచింది. కర్రపనులది 6వ విభాగం. అందులో 06 10 00 అనే సంఖ్య రఫ్ కార్పెంట్రీది. ఆ అధ్యాయానికి మూడు భాగాలు: సాధారణ విషయాలు, వాడాల్సిన సరుకు, పని చేయాల్సిన తీరు. విడి ఇళ్లకు ఇంత పెద్ద పుస్తకం ఉండకపోయినా, ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ అనే నియమావళి దాదాపు ఇవే సంగతులను చెబుతుంది.

చదవబోతే అంతా పొడి పొడి మాటలు. తేమ 19 శాతం మించరాదు. మేకు ఇంత పొడవు, ఇంత లావు ఉండాలి. పలకకూ పలకకూ మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు సందు విడవాలి. ఈ మాటలు ఎవరికో తోచి రాసినవి కావు. కర్ర అనే పదార్థం నీటితో, నిప్పుతో, గాలితో ఎలా ప్రవర్తిస్తుందో తెలిశాక రాసినవి. కొన్నిటిని ఇళ్లు కూలాక రాశారు. ఆ సంగతులు తెలుసుకుంటే ఆ పొడి మాటల్లో ఎంత విజ్ఞానం ఉందో అర్థమవుతుంది.

పందొమ్మిది శాతం

దేవదారు జాతి చెట్ల కర్రను సూక్ష్మదర్శిని కింద చూస్తే, సన్నని రెల్లు గొట్టాలను మోపుగా కట్టినట్టు ఉంటుంది. ఒక్కో గొట్టం పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లు. అన్నీ చెట్టు నిలువునా సాగి ఉంటాయి. వీటిలో నీరు రెండు చోట్ల ఉంటుంది. గొట్టం బోలులో నిలిచిన నీరు ఒకటి. గొట్టం గోడలోకే ఇంకి, సెల్యులోజ్ అణువులను అంటిపెట్టుకున్న నీరు రెండోది. పచ్చి కర్రను ఆరబెడితే ముందు బోలులోని నీరు పోతుంది. అప్పుడు కర్ర తేలికవుతుంది, కానీ దాని కొలతలు మారవు, బలమూ మారదు. ఆ నీరంతా పోయి గోడలోని నీరు కదలడం మొదలైనప్పటి నుంచే అసలు మార్పు. కర్ర కుదించుకుపోతుంది, గట్టిపడుతుంది.

ఈ మలుపును 1906లో హ్యారీ టీమాన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు గుర్తించి, దానికి నార సంతృప్త స్థానం అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. చాలా జాతుల్లో అది 28 నుంచి 30 శాతం తేమ దగ్గర ఉంటుంది. ఇక్కడ శాతమంటే పూర్తిగా ఎండిన కర్ర బరువుతో పోల్చిన నీటి బరువు. అందుకే అప్పుడే నరికిన చెట్టు పైచెక్కలో తేమ 100 శాతం దాటడమూ మామూలే.

కర్ర అన్ని వైపులా ఒకేలా కుదించుకుపోదు. గొట్టం గోడలో సెల్యులోజ్ పోగులు దాదాపు నిలువునా పరుచుకుని ఉంటాయి. నీరు వాటి మధ్య దూరి పక్కలకు నెడుతుంది, పొడవునా నెట్టలేదు. అందుకని ఆరేటప్పుడు కూడా కుదింపు పక్కలకే. డగ్లస్ ఫర్ అనే అమెరికా కలపలో, పచ్చి దశ నుంచి పూర్తిగా ఎండేదాకా వార్షిక వలయాల వెంబడి సుమారు 7.6 శాతం, వలయాలకు అడ్డంగా సుమారు 4.8 శాతం కుదింపు ఉంటుంది. పొడవునా మాత్రం 0.1 నుంచి 0.2 శాతమే. రెండు అడ్డ దిశల మధ్య ఉన్న ఈ తేడాయే పలకను దొప్పలా వంచుతుంది, మెలి తిప్పుతుంది. మన టేకులో ఈ అంకెలు సుమారు 5.8, 2.5. వానాకాలంలో బిగుసుకోని, ఎండాకాలంలో బీటలు వారని తలుపు కావాలంటే మన పెద్దలు చేవ తేలిన టేకే ఎందుకు వెతికేవారో ఈ రెండు అంకెలు చెబుతాయి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక అంతస్తు నేలను మోసే అడ్డ దూలం ఎత్తు 235 మిల్లీమీటర్లు. దాని కింద, పైన పడుకోబెట్టే పట్టీలు మూడు, ఒక్కోటి 38 మిల్లీమీటర్లు. మొత్తం సుమారు 349 మిల్లీమీటర్ల కర్ర అడ్డంగా పడుకుని ఉంది. తేమ 4 శాతం తగ్గితే అడ్డ కొలత 1 శాతం తగ్గుతుందని వడ్రంగులు, ఇంజనీర్లు వాడే మోటు లెక్క. 19 శాతం తేమతో బిగించిన కర్ర, చలికాలం హీటరు నడిచే ఇంట్లో 9 శాతానికి దిగితే ఆ పొర సుమారు 9 మిల్లీమీటర్లు కుంగుతుంది. ఒక అంతస్తు ఎత్తున్న నిలువు కర్ర మొత్తం కుంగేది మాత్రం ఒక మిల్లీమీటరు చుట్టూ. మూడు అంతస్తులకు కలిపితే ఈ కుంగు అంగుళం దాటుతుంది. కర్రను పచ్చిగానే బిగిస్తే రెండు అంగుళాలు. బయట అలంకారంగా కట్టిన ఇటుక గోడ మాత్రం అలా కుంగదు. ఇక కిటికీ గడప లోపలికి వాలుతుంది, వాన నీరు ఇంట్లోకి దారి పడుతుంది. నిలువు నీటి గొట్టాలు కీళ్ల దగ్గర ఒత్తిడి పడి కారతాయి.

19 శాతానికి మరో కారణం బూజు జాతి. కర్రను కుళ్లబెట్టే శిలీంధ్రాలు తమ పోగుల నుంచి ఎంజైములు వదిలి సెల్యులోజును కరిగించి తింటాయి. తేమ 20 శాతం లోపు ఉన్న కర్రలో అవి పెరగలేవు. కాబట్టి 19 అనే గీత కుంగుకూ కుళ్లుకూ రెండిటికీ అడ్డుకట్ట. సరుకును నేలకు ఎత్తులో పేర్చాలి, పైన కప్పాలి, మధ్యలో గాలి ఆడనివ్వాలి అని కాంట్రాక్టులో కనిపించే వాక్యం ఈ గీతను కాపాడడానికే. మిల్లులో పొడిగా బయల్దేరిన కర్ర సైటులో బురదలో పడి ఉంటే ఆ 19కి అర్థం లేదు.

ప్లైవుడ్ పలకలదీ, కర్ర పేళ్లను జిగురుతో అతికించిన ఓఎస్‌బీ పలకలదీ దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. అవి వేడి ప్రెస్సులో తయారై బాగా ఎండి బయటికి వస్తాయి. సైటుకు చేరాక గాలిలోని తేమ పీల్చి ఉబ్బుతాయి. అంచులు తాకేలా బిగిస్తే ఉబ్బడానికి చోటు లేక నడుమ లేస్తాయి. పైకప్పు అలలు దేరి కనిపిస్తుంది. పలకల మధ్య 3 మిల్లీమీటర్ల సందు విడవమనేది అందుకే.

ముద్రలోని ఐదు సంగతులు

అమెరికా కలప అడితీలో ఏ కర్ర తీసి చూసినా పక్కన సిరాతో వేసిన చిన్న ముద్ర ఒకటి ఉంటుంది. అందులో ఐదు సంగతులుంటాయి. నాణ్యత పరిశీలించిన సంస్థ గుర్తు, కోసిన మిల్లు సంఖ్య, కలప జాతి, దాని గ్రేడు, చిత్రిక పట్టిన నాటికి తేమ ఎంతన్నది. ఎస్-డ్రై అని ఉంటే 19 శాతం లోపు. కేడీ-19 అంటే బట్టీలో ఆరబెట్టి 19కి లోపు దించినది. ఎస్-జీఆర్‌ఎన్ అంటే పచ్చి కర్ర. ముద్ర లేని కర్రను సైటులోకి రానివ్వరాదని రఫ్ కార్పెంట్రీ అధ్యాయం కచ్చితంగా చెబుతుంది.

గ్రేడులో పెద్ద పాత్ర ముడులది. కొమ్మ మొలిచిన చోట చెట్టు తన నారను కొమ్మ చుట్టూ తిప్పి పంపుతుంది. కోసిన దూలంలో ఆ చోట నార పక్కకు వాలుతుంది. బరువు పడినప్పుడు దూలం పై అంచు నొక్కుకుంటుంది, కింది అంచు సాగుతుంది. నార దిశలో లాగితే కర్ర గొప్ప బలం చూపుతుంది కానీ అడ్డంగా లాగితే సులువుగా చీలిపోతుంది. అందుకని ముడి ఎంత పెద్దదన్నదే కాక, అది నడుమ ఉందా అంచున ఉందా అన్నదీ చూస్తారు. నడుమ ఉన్న ముడి పెద్దగా చెరుపు చేయదు. కింది అంచున ఉన్న అదే ముడి దూలాన్ని విరగ్గొట్టగలదు.

కొలతల సంగతి కూడా తెలుసుకోదగ్గది. టూ బై ఫోర్ అని పిలిచే కర్ర నిజంగా రెండు అంగుళాలు, నాలుగు అంగుళాలు ఉండదు. ఒకటిన్నర, మూడున్నర మాత్రమే. ఆరి, చిత్రిక పట్టాక మిగిలేది అంతే. పేరు ప్రకారం అడ్డకోత 8 చదరపు అంగుళాలు, చేతికొచ్చేది 5.25. ఒక్కో మిల్లు ఒక్కో కొలత కోసి అమ్మిన రోజులున్నాయి. 1924 నుంచి జాతీయ ప్రమాణాలు కుదురుతూ వచ్చి, పీఎస్-20 అనే ప్రమాణం 1970లో ఇప్పటి కొలతను స్థిరపరిచింది. ఇంజనీరు బలం లెక్కగట్టేది ఈ చిన్న కొలతతోనే. పేరు చూసి లెక్క వేసుకునేవారు మూడో వంతు కర్రను లేకుండానే ఉందనుకుంటారు.

కాంక్రీటు మీద కూర్చునే కర్ర

ఇంటి చట్రంలో అన్నిటికన్నా కింద ఉండేది సిల్ ప్లేట్, పునాది కాంక్రీటు మీద పడుకోబెట్టే పట్టీ. కాంక్రీటు చూపుకు గట్టి రాయిలా ఉన్నా దాని నిండా సన్నని రంధ్రాలే. నేలలోని తేమ వాటి గుండా పైకి పాకుతుంది. నేల నుంచి వచ్చే చెదలకూ మొదట తగిలేది ఈ పట్టీయే. అందుకని దీనికి మందు పట్టించిన కర్రే వాడాలి, అదీ అమెరికన్ వుడ్ ప్రొటెక్షన్ అసోసియేషన్ ప్రమాణం ప్రకారం పట్టించినదే వాడాలి అని నిబంధన.

ఈ నిబంధన వెనక ఒక తెలుగు శాస్త్రవేత్త ఉన్నాడు. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన సొంటి కామేశం 1933లో రాగి, ఆర్సెనిక్, క్రోమియం లవణాలను కలిపి కలపను కాపాడే మందు తయారు చేశాడు. 1938లో దానికి అమెరికా పేటెంటు వచ్చింది. అంతకుముందు కూడా రాగి, ఆర్సెనిక్ మందులు ఉండేవి. రాగి శిలీంధ్రాలను చంపుతుంది. రాగికి లొంగని శిలీంధ్రాలనూ చెదలనూ ఆర్సెనిక్ చూసుకుంటుంది. కానీ నీటిలో కరిగే మందు కాబట్టి కర్రలోకి ఎక్కినంత తేలిగ్గా వానకు బయటికీ కొట్టుకుపోయేది. కామేశం చేసిన పని అందులోకి క్రోమియం తేవడం. క్రోమియం కర్ర లోపల చర్య జరిపి, కరగని రూపానికి మారి, రాగినీ ఆర్సెనిక్‌నూ కర్రకే బిగించేస్తుంది. ఖాళీ చేసిన ఉక్కు తొట్టిలో కర్రను ఉంచి, ఒత్తిడితో మందు ఎక్కిస్తారు. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో అమెరికా పెరటి అరుగులు, కంచెలు, సిల్ ప్లేట్లు లెక్కలేనన్ని ఈ మందు పట్టిన లేత ఆకుపచ్చ కర్రతోనే కట్టారు. ఆ అరుగుల మీద కూర్చుని కాఫీ తాగే మనవాళ్లలో ఎందరికో ఆయన పేరు తెలియదు. తెలియాలి.

ఆర్సెనిక్ వల్ల పిల్లలకు హాని ఉండొచ్చన్న ఆందోళనతో 2003 చివరికి ఇళ్ల వాడకంలో చాలా భాగం నుంచి ఆ మందును తప్పించారు. దాని స్థానంలో ఆర్సెనిక్, క్రోమియం లేకుండా, రాగి ఎక్కువగా ఉండే మందులు వచ్చాయి. దాంతో ఎదురుచూడని చిక్కు వచ్చి పడింది. తేమ ఉన్నచోట రాగి అయాన్లు ఇనుప మేకును తాకితే విద్యుద్రసాయన చర్య మొదలవుతుంది. రాగి లోహంగా మారుతుంది, ఇనుము కరిగిపోతుంది. మామూలు మేకులు, పల్చని జింకు పూత ఉన్న బిగింపు పట్టీలు తుప్పుపట్టి తినేసుకుపోవడం మొదలైంది. కర్ర చెడకుండా ఉంటుంది, దాన్ని పట్టుకున్న మేకు పోతుంది. ఇప్పటి కాంట్రాక్టుల్లో మందు పట్టించిన కర్రకు కరిగించిన జింకులో ముంచి తీసిన మేకులు గాని స్టెయిన్‌లెస్ స్టీలు మేకులు గాని మాత్రమే వాడాలి అని ఉంటుంది. మందు మారితే మేకు మారాలన్నమాట. ఆ వాక్యాన్ని పట్టించుకోని చోట పెరటి అరుగు కొన్నేళ్లకు ఇంటి నుంచి ఊడిపోగలదు.

మరో నిబంధన: మందు పట్టించిన కర్రను సైటులో కోస్తే ఆ కోసిన ముఖానికి మళ్లీ మందు పూయాలి. చేవలోకి మందు సరిగా ఎక్కదు. పై పొరలోనే నిలుస్తుంది. రంపం పడగానే మందు లేని లోపలి కర్ర బయటపడి చెదలకు తలుపు తెరిచినట్టవుతుంది.

మేకు లెక్క

వడ్రంగి పదహారు పెన్నీ మేకు అంటే మూడున్నర అంగుళాల మేకు. కానీ అదే పేరుతో 4.1 మిల్లీమీటర్ల లావు మేకూ దొరుకుతుంది, 3.4 మిల్లీమీటర్ల సన్న మేకూ దొరుకుతుంది. మేకు కర్రను పట్టుకునేది తన ఒంటి చుట్టూ ఉన్న రాపిడితో. లావు తగ్గితే ఆ రాపిడి తగ్గుతుంది, వంగకుండా నిలిచే శక్తి ఇంకా ఎక్కువ తగ్గుతుంది. అందుకని మంచి స్పెసిఫికేషన్ పెన్నీ పేరు ఒక్కటే చెప్పి ఊరుకోదు. పొడవు, లావు రెండూ అంకెల్లో రాస్తుంది.

పచ్చి కర్రలో కొట్టిన మేకు సంగతి మరీ గుర్తుంచుకోవాలి. కొట్టిన రోజు బిగుతుగానే ఉంటుంది. కర్ర ఆరే కొద్దీ మేకు చుట్టూ నార వదులవుతుంది. పీకేటప్పుడు అడ్డుకునే శక్తి నాలుగో వంతుకు పడిపోయినట్టు ఇంజనీర్లు లెక్కలో వేసుకుంటారు. కర్ర చివరి కోత ముఖంలోకి, అంటే నార వెంబడి దిగిన మేకును, పీకే బలానికి అసలు లెక్కలోకే తీసుకోరు.

ఈ లెక్కలు ఎంత ముఖ్యమో 1992 ఆగస్టు 24న దక్షిణ ఫ్లోరిడా చూసింది. ఆండ్రూ తుపాను పాతిక వేలకు పైగా ఇళ్లను నాశనం చేసింది. తర్వాత ఇంజనీర్లు శిథిలాల మధ్య తిరిగి చూస్తే చాలాచోట్ల ఒకే కథ. గాలి పైకప్పును కిందికి నొక్కదు. కప్పు మీదుగా పరుగెత్తేటప్పుడు అక్కడ పీడనం తగ్గి, కప్పును పైకి పీలుస్తుంది. మూలల్లో, అంచుల్లో ఆ పీలుపు అన్నిటికన్నా ఎక్కువ. అలాంటిచోట ప్లైవుడ్ పలకలను పట్టి ఉంచాల్సిన మేకులు, స్టేపుల్ పిన్నులు కింది కర్రను తాకకుండా పక్కనుంచి దిగి గాలిలో వేలాడుతున్నాయి. పలక మీద చూస్తే మేకు తలలు వరసగా, ముచ్చటగా ఉన్నాయి. కింద పట్టుకున్నది మాత్రం ఏమీ లేదు. ఒక పలక లేచిపోగానే గాలీ వానా ఇంట్లోకి చొరబడ్డాయి. లోపలి గాలి పీడనం మిగతా కప్పును కింది నుంచి నెట్టింది, పై గాలి లాగింది. ఒక్కో పలక అలా లేచిపోయి, ఇల్లు బోడిగా మిగిలింది.

గురి తప్పిన ఈ మేకులను అక్కడి పనివాళ్లు షైనర్లంటారు. అటక ఎక్కి టార్చి వేస్తే వాసం పక్కనే మొన తళతళలాడుతూ కనిపిస్తుంది. ఆండ్రూ తర్వాత ఫ్లోరిడాలో మేకుల ఎడం, లావు, రకం అన్నిటి మీదా నియమాలు బిగిశాయి. పైకప్పు నుంచి వాసానికి, వాసం నుంచి గోడకు, గోడ నుంచి పునాదికి తెగకుండా పట్టు ఉండాలన్న సూత్రం బలపడింది. వాసాన్ని గోడకు కట్టే చిన్న ఉక్కు పట్టీ కొన్ని డాలర్ల సరుకు. అది లేని చోట గాలికి కప్పును నిలిపేది కప్పు బరువూ, వాలుగా కొట్టిన కొన్ని మేకులూ మాత్రమే.

1994 జనవరి 17న కాలిఫోర్నియాలోని నార్త్‌రిడ్జ్ భూకంపం మరో పాఠం నేర్పింది. అక్కడ భూమి ఊపును తట్టుకోవడానికి గోడలకు ప్లైవుడ్ కొడతారు. మేకులు కొట్టే తుపాకీలో గాలి ఒత్తిడి ఎక్కువైతే మేకు తల పలక ఉపరితలం దగ్గర ఆగదు, లోపలికి దిగిపోతుంది. 11 మిల్లీమీటర్ల పలకలో తల 3 మిల్లీమీటర్లు దిగితే, అది పట్టుకున్నది 8 మిల్లీమీటర్లే. గోడ అటూఇటూ ఊగినప్పుడు అలాంటి మేకులు పలకను చీల్చుకుని బయటపడ్డాయి. మేకు తల పలకతో సమంగా ఉండాలి, లోపలికి దిగరాదు అన్న నిబంధన చాలామందికి చాదస్తంలా తోస్తుంది. దాని అర్థం ఇది.

నిప్పు నడిచే దారి

1830ల్లో షికాగోలో ఒక కొత్త కట్టుబడి వచ్చింది. లావు దూలాలు, వాటికి ఉలితో చెక్కిన కీళ్లు, ఆ పని తెలిసిన వడ్రంగులు అన్నీ కొరతే. మరోపక్క సామిల్లుల్లో కోసిన సన్న కర్ర, యంత్రంతో చేసిన చవక మేకులు దండిగా దొరుకుతున్నాయి. సన్న కర్రలను దగ్గర దగ్గరగా నిలబెట్టి, మేకులతో బిగించి, ఇల్లు లేపేశారు. బెలూన్ ఫ్రేమ్ అన్నారు దాన్ని. పశ్చిమాన ఊళ్లకు ఊళ్లు అలా లేచాయి.

అందులో ఒక లోపం ఉంది. నిలువు కర్రలు పునాది నుంచి పైకప్పు దాకా ఏకంగా సాగేవి. రెండు కర్రల మధ్య ఖాళీ కూడా అంతే పొడవున, ఎక్కడా అడ్డు లేకుండా సాగేది. నేలమాళిగలో పుట్టిన మంట ఆ ఖాళీలోకి దూరితే, వేడి గాలి పైకి లాగుకుపోయి నిమిషాల్లో అటకకు చేరేది. గదిలో ఉన్నవారికి గోడ లోపల నిప్పు నడుస్తున్నట్టు తెలిసేది కాదు. తర్వాత అంతస్తుకు అంతస్తు విడిగా కట్టి పేర్చే ప్లాట్‌ఫారమ్ ఫ్రేమ్ పద్ధతి వచ్చింది. అందులో ప్రతి అంతస్తు దగ్గరా పడుకున్న పట్టీలు ఆ ఖాళీని వాటంతట అవే మూస్తాయి. మిగిలిన చోట్ల, అంటే దించిన సీలింగుల దగ్గర, మెట్ల కింద, గొట్టాలు వెళ్లే సందుల్లో, కర్ర ముక్కలతో దారి మూయాలని నియమం. అడ్డంగా సాగే ఖాళీని 10 అడుగులకోసారి మూయాలి. ఒకటిన్నర అంగుళాల కర్ర ముక్క మంటను శాశ్వతంగా ఆపదు. పైన బొగ్గు పొర కట్టి లోపలి కర్రను కొంతసేపు కాపాడుకుంటూ, నిదానంగా కాలుతుంది. నిద్రలో ఉన్నవారు లేచి బయటపడడానికి కావలసింది ఆ కొంతసేపే.

నిప్పు నుంచి కాపాడబోయి మరో చిక్కు తెచ్చుకున్న సందర్భమూ ఉంది. 1980ల్లో అమెరికా తూర్పు రాష్ట్రాల్లో, వరస ఇళ్ల మధ్య పైకప్పుల మీద అగ్నిని నిలవరించే మందు పట్టిన ప్లైవుడ్ వాడారు. మంట తగిలినప్పుడు ఆ మందు ఆమ్లంగా మారి, కర్రను మండనీయకుండా బొగ్గు చేస్తుంది. అయితే కొన్ని రకాల మందులు వేసవి ఎండకు కాగిన అటక వేడికే ఆ పని మొదలుపెట్టాయి. కొన్నేళ్లలోనే పలకలు నల్లబడి, పెళుసై, కాలు వేస్తే విరిగే స్థితికి వచ్చాయి. అందుకే ఇప్పుడు పైకప్పు మీద వాడే మందు ప్లైవుడ్‌కు వేడిలో బలం నిలుస్తుందని పరీక్షించిన పత్రం చూపాలని స్పెసిఫికేషన్ అడుగుతుంది.

రంపం పెట్టరాని చోటు

వడ్రంగి పని ముగించి వెళ్లాక ప్లంబరు, ఎలక్ట్రీషియను వస్తారు. వారి గొట్టాలకూ తీగలకూ దూలాలు అడ్డం. దూలానికి ఎక్కడ కన్నం వేయొచ్చు, ఎక్కడ గాటు పెట్టకూడదు అన్నదానికి కచ్చితమైన నియమాలున్నాయి. అవి బలం సూత్రం నుంచి నేరుగా వచ్చాయి. బరువు కింద వంగే దూలంలో ఒత్తిడి, సాగుడు రెండూ పై, కింది అంచుల్లో ఎక్కువ. సరిగ్గా నడుమ దాదాపు సున్నా. అందుకని నడుమ కన్నం వేయొచ్చు, కానీ ఎత్తులో మూడో వంతు మించకుండా, అంచులకు రెండు అంగుళాల లోపు రాకుండా.

అంచున గాటు వేరే సంగతి. దూలం బలం దాని ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది. ఎత్తులో ఆరో వంతు కోస్తే మిగిలేది ఆరింట ఐదు. దాని వర్గం ముప్పై ఆరింట ఇరవై ఐదు. అంటే ఆరో వంతు కర్ర తీసేస్తే మూడో వంతుకు దగ్గరగా బలం పోయింది. పైగా గాటు మూలలో ఒత్తిడి గుమిగూడి, నార వెంబడి చీలిక మొదలవుతుంది. కాబట్టి ఆరో వంతు మించి గాటు పెట్టరాదు. వంపు ఎక్కువగా ఉండే మధ్య మూడో వంతు పొడవులో అసలు గాటే పెట్టరాదు.

మూసేముందు చూడాలి

ఇన్ని నియమాలున్నా జిప్సం బోర్డు బిగించాక ఏదీ కనబడదు. రఫ్ కార్పెంట్రీకి ఇన్ని మాటలు అవసరమైంది అందుకే. కనిపించే తలుపు వంకరగా ఉంటే యజమాని ఆ రోజే అడుగుతాడు. కప్పులో వాసాన్ని తప్పిన మేకును అడిగేది తుపానే. ఈ ఇబ్బందికి ఒప్పందాల్లోనే ఒక దారి ఉంది. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ రూపొందించిన ఏ-201 సాధారణ షరతుల ప్రకారం, చూపించమని కోరిన పనిని చూపించకుండా మూస్తే కాంట్రాక్టరు సొంత ఖర్చుతో విప్పి చూపాలి, తిరిగి మూయాలి. ముందుగా కోరని చోటనైనా ఆర్కిటెక్టు విప్పమని అడగవచ్చు. విప్పాక పని ఒప్పందం ప్రకారమే ఉంటే ఖర్చు యజమానిది, లేకుంటే కాంట్రాక్టరుది. ఇద్దరికీ న్యాయం చేసే ఏర్పాటు ఇది.

మన దగ్గర దూలాలు, వాసాల ఇళ్లు తగ్గి కాంక్రీటు స్లాబులు వచ్చాయి. అయినా ఏ ప్రాంతపు వాతావరణానికి కలపలో ఎంత తేమ ఉండవచ్చో చెప్పే ఐఎస్-287 ప్రమాణం మనకూ ఉంది. తలుపు, కిటికీ ఆర్డరు ఇచ్చేటప్పుడు దాన్ని అడిగేవారు అరుదు. స్లాబులోని ఇనుము కూడా కాంక్రీటు పడ్డాక కనబడదు కాబట్టి, మూసేముందు చూడాలన్న సూత్రం ఇక్కడా అంతే వర్తిస్తుంది.

అమెరికాలో ఇల్లు కొనేవారికి జిప్సం బోర్డు బిగించకముందు ఇంటిని నడిచి చూసే అవకాశం చాలామంది బిల్డర్లు ఇస్తారు. సొంత ఇన్‌స్పెక్టరును వెంట తీసుకెళ్లే హక్కు ఒప్పందంలో రాయించుకోవాలి. ఆ రోజు చూడదగ్గవి ఇవి: కర్రల మీద ముద్ర ఉందా, కాంక్రీటు మీది పట్టీకి మందు పట్టించారా, దానికి దిగిన మేకులు కరిగించిన జింకులో ముంచినవో స్టెయిన్‌లెస్ స్టీలువో అవునా, అటకలో షైనర్లు ఎన్ని, మేకు తలలు పలకలోకి దిగిపోయాయా, గొట్టాల కోసం దూలాల అంచులు కోశారా, గొట్టాలు వెళ్లే సందులు మూశారా. తేమ కొలిచే చిన్న మీటరు గుచ్చితే 19 లోపు ఉందో లేదో క్షణంలో తెలుస్తుంది. వీటిలో దేనికీ ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు.

ఈ నిబంధనల్లో అనేకం ఎవరో ఇల్లు పోగొట్టుకున్నాక, కొన్నిచోట్ల మనుషులనే పోగొట్టుకున్నాక రాసినవి. అంత ఖరీదు పెట్టి సంపాదించిన జ్ఞానం కాగితంలోనే ఉండిపోతే ఆ పాఠాన్ని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వస్తుంది. అందుకని సంతకం పెట్టేముందు ఆ పేజీలు చదవండి, అర్థం కానివి అడగండి. గోడ మూసేముందు మీ కళ్లతో చూడండి. పని చక్కగా చేసిన వడ్రంగికి అలా చూడడం గౌరవమే. చేయని చోట, దిద్దుకోవడానికి అంతకన్నా చవకైన రోజు మళ్లీ రాదు.